థ్రాంబోసిస్‌లో గురువు

సాతంరాయిలో బెంగళూరు హైవే పక్క స్కాన్ సెంటర్లలో పనిచేసే పిల్లలు, నర్సింగ్ చదివే అమ్మాయిలు కొందరు ఆదివారాలు ఇంగ్లిష్ ఉచ్చారణ కోసం నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు అర్థాలు బాగానే తెలుసు. "గ్యాస్ట్రో అంటే పొట్ట, స్కోపీ అంటే చూసుడు. అయినా నోరు తిరుగుతలేదు సార్" అంటారు.

చిక్కంతా విరుపులోనే ఉంది. అర్థం గ్యాస్ట్రో దగ్గర విరిస్తే, నాలుక 'గ్యాస్-ట్రాస్-క-పీ' అని విరుస్తుంది. పద్యానికి గణాలు కట్టినవాళ్లకు ఇదేం వింత కాదు. ఉత్పలమాలలో భగణం ముగిసిన చోటే మాట కూడా ముగియాలని ఎవరూ పట్టుబట్టరు.

ఆ పోలిక ఇంకొంచెం లోతుకు పోతుంది. గ్రీకు మాటలు చాలావరకు లాటిన్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చాయి. వాటితోపాటు లాటిన్ సూత్రమూ వచ్చింది: చివరి నుంచి రెండో అక్షరం గురువైతే ఊనిక దాని మీదే, లఘువైతే ఒకడుగు వెనక్కి. మనకు ఒ, ఓ ఉన్నట్టే గ్రీకులో హ్రస్వ ఒకారానికి ఒమిక్రాన్, దీర్ఘానికి ఒమేగా ఉన్నాయి. కరోనా పుణ్యమా అని ఒమిక్రాన్ పేరు ఊరూరా తెలుసు. థ్రాంబోసిస్‌లో ఉన్నది ఒమేగా, అందుకే బరువంతా 'బో' మీద. గ్యాస్ట్రోస్కోపీలో 'స్కో' దగ్గర ఉన్నది ఒమిక్రాన్, కనుక ఊనిక వెనక్కి జరిగి 'ట్రాస్' మీద పడింది. మెటాస్టాసిస్ అని మనం దీర్ఘం పెట్టి రాస్తాం గానీ, ఆ 'స్టా' అసలు లఘువే. ఊనిక దాని ముందున్న 'టా'ది. ఈ లెక్క చెప్పాక పిల్లలు ఆర్థ్రైటిస్‌లో 'ఐ' గురువని వాళ్లంతట వాళ్లే పట్టేశారు.

సూత్రం అన్నిచోట్లా నిలవదు. అంజైనాలో రెండో అక్షరం లాటిన్‌లో లఘువే, కనుక సూత్రం ప్రకారం పోతే ఊనిక మొదటి అక్షరం మీద పడాలి. డాక్టర్లలో ఎక్కువమంది 'జై' మీదే ఊనుతారు. అక్కడ సూత్రం కోసం కొట్లాడటం నాకు చాదస్తంగానే తోస్తుంది.

అసలు గ్రీకు వైద్యం మన హైదరాబాద్‌కు ఇంగ్లిష్‌తో రాలేదు, అంతకుముందే అరబ్బీ, పారశీకాల మీదుగా వచ్చింది. చార్మినార్ పక్కనున్న నిజామియా ఆసుపత్రిది యునానీ వైద్యం. యునానీ అంటేనే గ్రీకుది. అరబ్బీలో మాట మొదట్లోనే రెండు హల్లులు కలిసి రాకూడదు. అందుకే గ్రీకు ఫ్లెగ్మాను 'బల్-గం' అని విరుచుకున్నారు. పాతబస్తీలో ఈరోజుకీ కఫం పడితే బల్గం అనే అంటారు.