రైలు మారే ఊళ్లో దిగిపోయిన కళలు

బెజవాడ పేరెత్తితే జనం నోట మూడు మాటలు వస్తాయి: ఎండ, రౌడీలు, జంక్షన్. మే నెలలో వేడి 45 డిగ్రీలు దాటిన రోజున 'బ్లేజ్‌వాడ' అనే పాత వేళాకోళం ఊరంతా తిరుగుతుంది. రౌడీల పేరు సినిమాలు మోసుకొచ్చాయి. 2011లో వచ్చిన ఒక సినిమాకు మొదట 'బెజవాడ రౌడీలు' అనే పేరు పెట్టారు. అభ్యంతరాలు వచ్చాక రెండో మాట తీసేసి 'బెజవాడ'గా విడుదల చేశారు. ఇక జంక్షన్ సంగతి. మద్రాసుకో హైదరాబాదుకో విశాఖకో వెళ్లేవాళ్లు ఇక్కడ దిగి, టీ తాగి, ఇంకో బండెక్కి పోతారు. ఊళ్లో చూడటానికి ఏముంది, అమ్మవారి గుడి తప్ప, అంటారు.

అలా దిగినవాళ్లలో కొందరు ఇంకో బండి ఎక్కలేదు. తంజావూరు నుంచి బయల్దేరిన పాట ఇక్కడ దిగి ఉండిపోయింది. రాజస్థాన్ వైపు నుంచి వచ్చారని చెప్పుకునే చేతిపనివాళ్లు ఈ ఊరి పక్క కొండ కిందే స్థిరపడ్డారు. ఏ కళా తనలో పుట్టిందేనని బెజవాడ గొప్పలు చెప్పుకోనక్కర్లేదు. వచ్చినదానికి చోటిచ్చి, దాన్ని పాడుకానివ్వకుండా చూసుకోవడం ఈ ఊరు చేసిన పని. అదేమంత చిన్న పని కాదు.

పాట సంగతి ముందు. త్యాగరాజు శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన దగ్గర నేర్చుకున్నవారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. బెజవాడలో పంతులు గారి ఇల్లే పాఠశాల. శిష్యులు అక్కడే ఉండి నేర్చుకునేవారు. తూర్పు గోదావరి శంకరగుప్తం నుంచి, తల్లిలేని పసివాణ్ణి వెంటబెట్టుకుని, వేణువు వాయించే ఒక తండ్రి ఈ ఇంటికే వచ్చాడు. ఆ పిల్లవాడు పదేళ్లు నిండకముందే బెజవాడ త్యాగరాజ ఆరాధనలో పూర్తి కచేరీ చేశాడు. అది విన్న హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ మురళీకృష్ణ అనే పేరు ముందు 'బాల' చేర్చారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పేరు అలా పూర్తయింది.

పంతులు గారి ఇంట్లాంటి చోట్ల గురువు నుంచి శిష్యుడికి చేతులు మారే కృతి రూపాన్ని పాఠాంతరం అంటారు. కృతిని పుస్తకంలో స్వరాలతో రాసుకోవచ్చు. కానీ ఆ రాత ఎముకల గూడు మాత్రమే. గురువు పల్లవిలో ఒక పాదం పాడతాడు, శిష్యుడు తిరిగి పాడతాడు. అదే పాదాన్ని గురువు ఇంకొంచెం మెలి తిప్పి పాడతాడు. అది సంగతి. ఒక్కో సంగతి ముందుదాని మీద చిన్న మెట్టులా కూర్చుంటుంది. మాట మారదు, అర్థం మారదు, భావం మాత్రం చిక్కబడుతూ పోతుంది. ఎక్కడ స్వరాన్ని ఊపాలో, ఎక్కడ నిటారుగా నిలపాలో, ఎక్కడ ఊపిరి తీసుకుంటే సాహిత్యం విరగదో కాగితం చెప్పదు. ఆ మూడూ గురువు గొంతు విని నేర్చుకోవాల్సినవే. నడుమ ఒక్క తరం శ్రద్ధ తప్పితే త్యాగరాజు కృతి ఉంటుంది గానీ ఆ పాఠాంతరం ఉండదు. తంజావూరుకు అంత దూరంలో, కృష్ణ ఒడ్డున ఆ గొలుసు తెగకపోవడాన్ని తెలుగువాళ్లు మరింత గర్వంగా చెప్పుకోవాలి.

పంతులు గారి మరో శిష్యుడు, వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి. ఆకాశవాణిలో పనిచేసి, ఇంటికి వచ్చిన పిల్లలకు పాఠం చెబుతూ ఈ ఊళ్లోనే ఉండిపోయారు. 2021లో పద్మశ్రీ ప్రకటించేనాటికి ఆయన వయసు తొంభై దాటింది.

ఆకాశవాణి అంటే బెజవాడ కథలో రెండో అధ్యాయం. 1948 డిసెంబర్ 1న ఇక్కడ రేడియో కేంద్రం మొదలైంది. ఇంట్లో పాడుకునే పాట, గుళ్లో వినిపించే పాట ఊరూరికీ చేరే దారి దొరికింది. తెల్లవారుజామున 'భక్తిరంజని', బాలాంత్రపు రజనీకాంతరావు బాణీలు, బాలమురళి గొంతు, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం పాటలు. కచేరీ అంటే ఎరగని పల్లెల్లో కూడా పొయ్యి రాజేస్తూ, పాలు పితుకుతూ ఆడవాళ్లు ఈ పాటలు విన్నారు. రజని పాట కట్టడంతో ఆగలేదు. పాట కట్టినవాళ్ల చరిత్ర కూడా రాశారు. ఆయన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'కు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఈ కేంద్రం తెలుగువాళ్లకు వినడం నేర్పింది. రేడియో నాటకంలో ముఖం కనపడదు, తెర లేదు, దుస్తులు లేవు. కొబ్బరి చిప్పలు తాటిస్తే గుర్రం పరిగెత్తుతుంది, పలచటి రేకు ఊపితే ఉరుముతుంది, కాగితం నలిపితే మంట చిటపటలాడుతుంది. మిగిలిందంతా గొంతు. చిలకమర్తి 'గణపతి'ని నండూరి సుబ్బారావు గొంతులో విన్నవాళ్లకు ఆ పాత్రకు వేరే రూపం అక్కర్లేకపోయింది. ఉషశ్రీ మరో పక్క రామాయణ భారతాలను గ్రాంథికపు గట్టు దింపి, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు చెప్పారు. ఆయన మాటలో బిగువంతా విరామాల్లో ఉంది. ప్రశ్న వేసి ఆగుతారు. శ్రోత మనసులో జవాబు పుట్టేంత సేపు ఆగి, అప్పుడు చెబుతారు. ఆదివారం ధర్మసందేహాలు వినడానికి వీధి అరుగుల మీద రేడియో చుట్టూ మూగిన తరం ఇంకా ఉంది. వాళ్లను అడిగి చూడండి, ఆ గొంతు ఎక్కడ ఆగేదో అనుకరించి చూపిస్తారు.

ఇక చేతిపనివాళ్ల సంగతి. ఊరి నుంచి పడమర దారిలో ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు దాటితే కొండపల్లి. ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. పైన పాత కోట, కింద బొమ్మల కాలనీ. ఇక్కడి పనివాళ్లను ఆర్యక్షత్రియులంటారు. వాళ్ల పూర్వీకులు నాలుగు వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారన్నది తరాలుగా చెప్పుకునే మాట.

కొండపల్లి బొమ్మ చేతిలోకి తీసుకున్నవాళ్లు మొదట ఆశ్చర్యపోయేది దాని బరువుకు, అంటే బరువు లేకపోవడానికి. కారణం తెల్ల పొణికి కర్ర. దగ్గర్లోని కొండల అడవిలో పెరిగే ఈ చెట్టు కర్ర బెండులా మెత్తగా, ఉలికి ఎదురు తిరగకుండా ఉంటుంది. అయితే పచ్చిది పనికిరాదు. లోపలి తడి తర్వాత బయటపడితే రంగు పొర పగిలిపోతుంది. అందుకే ఎండబెట్టి, సన్నని సెగ మీద వేడి చేసి, తడి పూర్తిగా పోయాకే చెక్కుతారు. విశాఖ వైపు ఏటికొప్పాక బొమ్మ చేసే పద్ధతి వేరు. అక్కడ అంకుడు కర్రను తిరిగే చట్రానికి బిగించి, లక్కరంగు పట్టిస్తారు. కాబట్టి ఆ బొమ్మకు గుండ్రటి అందం. కొండపల్లిలో తిరిగే చట్రం లేదు. చేయి, ఉలి, ఆకురాయి. కాబట్టి ఇక్కడి బొమ్మకు మోచేయి వంగుతుంది, నడుము తిరుగుతుంది, ఎద్దు మెడ కొంచెం పక్కకు వాలుతుంది.

ఒకే చెక్కలోంచి మొత్తం బొమ్మ తీయరు. తల, చేతులు, మొండెం వేర్వేరుగా చెక్కి అతుకుతారు. అతికేది మక్కు: చింతగింజల పిండిని ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. ఇది జిగురే కాదు, రెండో కర్ర లాంటిది. సందుల్లో పూడ్చి, ముక్కు కొస దిద్ది, చీర కుచ్చెళ్లు తీర్చి ఆరనిస్తే కర్రలో కర్రయిపోతుంది. ఆకురాయితో రుద్దాక అతుకు ఎక్కడో కంటికి దొరకదు. ఆ పైన సుద్ద పూత. దాని తెలుపు మీద రంగులు నిలుస్తాయి. రంగులకు మేక వెంట్రుకల కుంచె. చాలా ఇళ్లలో చెక్కే పని మగవాళ్లది, రంగులేసే పని ఆడవాళ్లది. బొమ్మ ముఖంలో నవ్వు ఉందా, అలక ఉందా అన్నది తేలేది ఆ రెండో దశలోనే. పేరు మాత్రం ఎప్పుడూ చెక్కినవాళ్లకే వస్తుంది, అది సరైన లెక్క కాదు.

దశావతారాలు, అంబారీ ఏనుగు బాగా తెలిసినవే. వాటికన్నా నిలబడి చూడాల్సినవి పల్లె బొమ్మలు: తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, రోకటితో దంచే ఆడమనిషి, ఎడ్లబండి. గీత కార్మికుడి బొమ్మలో ఒంటి బరువంతా నడుముకు కట్టుకున్న మోకు మీద ఆనుతుంది. తాటిచెట్టు ఎక్కడాన్ని దగ్గరగా చూసినవాడే ఆ వాలు అలా చెక్కగలడు. చాలా ఇళ్లలో దంపుడు ఆగిపోయింది, ఎడ్లబండి పోయింది. ఆ పనుల్లో ఒళ్లు ఎలా వంగేదో ఈ బొమ్మలు దాచి ఉంచాయి. సంక్రాంతికో దసరాకో కొలువు పెట్టే ఇంట్లో ఈ బొమ్మను పిల్లల చేతికిచ్చి ఆ పని పేరు చెబితే, ఒక మాట కూడా బతికినట్టే.

ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మేళాల్లో దుకాణాలు వచ్చాయి. అసలు చిక్కు చెట్టు దగ్గరుంది. పొణికి అడవి తరిగిపోతోంది. ఇవాళ నాటిన మొక్క ఉలికి అందే మానుగా ఎదగడానికి ఏళ్లు పడుతుంది. రంగులో మార్పు చేయొచ్చు, ఎనామిల్ రంగులు వదిలి మళ్లీ చెట్ల రంగులకు వెళ్లొచ్చు, కొందరు వెళ్లారు కూడా. కర్ర మారిస్తే మాత్రం చేయి ఒప్పుకోదు. గట్టి కర్రలో ఆ మోచేయి అలా వంగదు, మక్కు అలా కలిసిపోదు. అందువల్ల కాలనీలో బేరం మొదలయ్యే ముందు ఒక్క క్షణం, గోడకు ఆనించి ఎండబెట్టిన ఆ తెల్లటి దుంగల్ని చూడటం మంచిది. బొమ్మ ధర సగం అక్కడే ఉంది.

బెజవాడ స్టేషన్‌లో తర్వాతి బండికి మూడు నాలుగు గంటల వ్యవధి దొరికితే కొండపల్లికి వెళ్లి రావచ్చు. ఆ ఊరికీ రైల్వే స్టేషనుంది, కాజీపేట లైను మీదే.