దిండు తీయించే చదువు

2025 సెప్టెంబరు 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినం జరిపారు. మర్నాడే ఢిల్లీ నుంచి కేంద్ర ప్రభుత్వ లేఖ దిగింది: ఫిజియోలు పేరుకు ముందు ‘డాక్టర్’ పెట్టుకోకూడదట. ఆ మర్నాడు లేఖ వెనక్కి పోయింది. ఆర్‌ఎంపీని సైతం ‘డాక్టరుగారూ’ అని పిలిచే జనానికి ఈ రభసతో ఏం పని? పనితనం చేతిలో ఉండాలిగానీ బోర్డు మీద కాదన్నది నా పాత పాట. వడ్రంగి గురించి మొదలుపెట్టినా, వంటమనిషి గురించి మొదలుపెట్టినా చివరికి అదే పాడతానని మీరు వేళాకోళం చేస్తారు కూడా.

ఈసారి ఆ పాటకు 1894 నాటి లండన్ అడ్డొచ్చింది. మాలిష్ పేరుతో అక్కడ వ్యభిచారం సాగుతోందని బ్రిటిష్ మెడికల్ జర్నల్ రచ్చకెక్కించింది. ఆ మచ్చ తమకంటకుండా నలుగురు నర్సులు ఒక సంఘం పెట్టుకుని, కట్టుబాట్లు రాసుకున్నారు. వైద్యుడు చెప్పందే మాలిష్ చేయరాదు. వైద్య పత్రికల్లో తప్ప ప్రకటన ఇవ్వరాదు. రోగులకు మందులు అమ్మరాదు. గౌరవం కోసం ఆనాడు కోరి డాక్టరు నీడన నిలబడ్డారు. ఇవాళ్టి తగువంతా ఆ నీడలోంచి బయటికి రావడానికే! మాలిష్‌తో మొదలై ఫిజియోథెరపీగా మారిన ఈ చదువును ఆ తర్వాత యుద్ధాలూ, పోలియో పెంచాయి. 1950ల మొదట్లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో మన దేశపు తొలి ఫిజియోథెరపీ బడి వచ్చిందీ పోలియో మూలానే. 2025 పాఠ్యప్రణాళిక ప్రకారం ఇక ఐదేళ్ల డిగ్రీ.

కాళ్లూ చేతులూ వంచడానికి ఐదేళ్లా? బస్తర్ వచ్చి చూడండి. మందుపాతర పేలి మోకాలి కింద కాలు పోయినవాడికి ఇంటివాళ్లు మొండికాలి కింద మెత్తటి దిండు పెడతారు. ఫిజియో వచ్చి ముందు దాన్ని తీయించేస్తుంది. మోకాలు వంగి అలాగే బిగుసుకుపోతే రేపు పెట్టుడు కాలు కుదరదు. తుంటి బిగియకుండా కాసేపు బోర్లా పడుకోమంటుంది. వాపు దిగేలా పట్టీ చుట్టడం నేర్పుతుంది. గొంతుక్కూర్చోవడానికీ పొలంలో దిగడానికీ పనికొచ్చే జైపూర్ కాలు మన దగ్గర 1960ల చివర్నుంచీ ఉంది. అయినా దాంతో నడక నేర్పేవాళ్లు లేకపోతే అది ఇంటి మూలకే చేరుతుంది.

ఎంత మంచి చెయ్యయినా ముందు దిండు పెట్టేదే. తీయించడానికి చదువుండాలి. ఊరి ఆరోగ్య కార్యకర్త మితానిన్‌కు ఈ సంగతి నేర్పితే చాలదా అంటారా? తప్పకుండా నేర్పాలి. కానీ ఆమెకు నేర్పేదెవరు?

సుక్మా అడవుల నుంచి కొంటా దాటి భద్రాచలం ఆసుపత్రికొచ్చే కోయ ఆసామికి, ఎవరు చదివారో ఎవరు ఉత్త మాలిష్‌వాళ్లో బోర్డు కాకపోతే ఏది చెబుతుంది? ఆ లండన్ నర్సులు పోరాడింది ఇందుకే. ఫిజియోలకూ వర్తించే 2021 కేంద్ర చట్టం జాతీయ కమిషన్‌నూ రాష్ట్ర మండళ్లనూ నమోదునూ తెచ్చింది. డాక్టరని రాసుకుంటే రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నమోదు సంఖ్య లేని బోర్డును మాత్రం దింపించాల్సిందే.