పేరుకే చందా: షాంపేన్, నాపా

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డున్న కొట్టుకి వెళ్లి నిజంగా వైన్ అడిగితే, కౌంటర్ వెనకాల మనిషి ఎగాదిగా చూసి, పై అరలో దుమ్ము పట్టిన సీసా కోసం స్టూలు వేసుకుంటాడు. అందుకే ‘వైన్ సంఘం’ అనగానే మనకు లైసెన్సుల లాటరీ, ఎక్సైజు ఆఫీసు గుర్తొస్తాయి. ఇక్కడ చెప్పబోయే రెండు సంఘాలు ఆ కోవలోవి కావు. ద్రాక్ష పండించి, పిండి, పులియబెట్టి, సీసాకెత్తేవాళ్లవి. ఫ్రాన్స్‌లో షాంపేన్ కమిటీ 1941లో పుట్టింది. అమెరికాలో నాపా వ్యాలీ వింట్నర్స్ 1944లో. రెండూ యుద్ధకాలపు బిడ్డలే, పెంపకంలోనే తేడా.

సంఘంలో చేరితే ఏమొస్తుందని అడిగితే ఎక్కడైనా ఒకే పాట వినిపిస్తుంది: పరిచయాలు, శిక్షణ, రాయితీలు, సర్కారు ముందు మాట చెల్లుబాటు. కాదనను. అయితే పరిచయాలు పెళ్లిళ్లలోనూ అవుతాయి. డబ్బున్నవాడు లాయర్ని సొంతంగా పెట్టుకోగలడు. ఎంత డబ్బున్నా ఒక్కడివల్ల కానిది ఒకటుంది, అది ఊరి పేరుకి కాపలా కాయడం. సీసా మీద కంపెనీ పేరు యజమానిది, ఊరి పేరు మాత్రం ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి ఆస్తికి ఏ గతి పడుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పోచంపల్లి ఇక్కత్‌కి ఏనాడో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. అయినా ఆ డిజైన్‌ను ప్రింటు కొట్టిన చీరలు అదే పేరుతో బజార్లో దర్జాగా అమ్ముడవుతూనే ఉన్నాయి.

షాంపేన్ వాళ్లకు ఈ సంగతి నిప్పుల మీద తెలిసొచ్చింది. కొందరు వ్యాపారులు బయటి ప్రాంతాల ద్రాక్ష తెచ్చి షాంపేన్‌గా అమ్ముతుంటే, వరసగా పంటలు పోయి, గిట్టుబాటు ధర లేక ఉన్న రైతులు 1911లో తిరగబడ్డారు. ఏప్రిల్లో ఆయీ అనే ఊళ్లో వైన్ కంపెనీల భవనాలు తగలబడ్డాయి. సరిగ్గా ముప్పై ఏళ్లకు, 1941 ఏప్రిల్లో, అదే రైతులూ అదే కంపెనీలూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. బుద్ధి వచ్చి కాదు, నెత్తిన జర్మన్ సైన్యం ఉండి. క్లేబిష్ అనే నాజీ అధికారి వారం వారం లక్షల సీసాలు అడుగుతుంటే ఎవరికి వారు బేరమాడితే మిగిలేదేమీ లేదని తేలిపోయింది. మొయెట్ అండ్ షాన్‌డాన్ అధిపతి రాబేర్-జాన్ దె వోగ్వే కంపెనీల తరఫున, మోరీస్ ద్వాయార్ రైతుల తరఫున నిలబడ్డారు. రైతుల పక్షాన మాట్లాడే వోగ్వేకి ‘ఎర్ర మార్క్వీ’ అని వెక్కిరింపు పేరు కూడా ఉండేది. 1943లో గెస్టపో ఆయన్ని పట్టుకుపోయింది, మరణశిక్ష వేసింది, తర్వాత దాన్ని అమలు చేయకుండా జైలుశిబిరానికి పంపింది. ఆయన పడ్డ పాట్ల మీదే ఆ బల్ల నిలబడిందని నాకు అనిపిస్తుంది.

ఆ బల్లకు ఇప్పటికీ ఇద్దరు అధ్యక్షులు, రైతుల నుంచి ఒకరు, కంపెనీల నుంచి ఒకరు. సుమారు 34,000 హెక్టార్ల తోటలు, 16,000 మంది దాకా రైతులు. ‘చేరాలా వద్దా’ అన్న ప్రశ్నే అక్కడ లేదు. ఆ గడ్డ మీద ద్రాక్ష పండించి షాంపేన్ అంటే చట్టమే నిన్ను సభ్యుణ్ణి చేస్తుంది, రుసుము కట్టిస్తుంది. ఫ్రాన్స్‌లో మిగతా వైన్ ప్రాంతాల సంఘాలు వసూలు చేసే ఇలాంటి రుసుముకి ‘తప్పనిసరి స్వచ్ఛంద చందా’ అని పేరు. ఏ పేరు పెట్టాలో తోచని గుమస్తా ఎవరో హాస్యానికి రాసి, అదే ఖాయం చేసి ఉంటారు!

ఈ బలవంతపు చేరిక విలువ ఏమిటో 2020లో కనిపించింది. కోవిడ్‌తో పెళ్లిళ్లు, పార్టీలు ఆగిపోయి, ముందటేడు 29.7 కోట్ల సీసాలు అమ్ముకున్న ప్రాంతం 24.4 కోట్లకు పడిపోయింది. హెక్టారుకి ఎంత కోయాలన్న దగ్గర పేచీ మొదలైంది. గోదాముల్లో సరుకు పేరుకుపోతుందని కంపెనీలు తక్కువ కోయమన్నాయి, కోయని పంటకు డబ్బెవరిస్తారని రైతులు ఎక్కువ అడిగారు. జులైలో మాటలు చెడి, ఆగస్టులో 8,000 కిలోల దగ్గర రాజీ కుదిరింది. దీంతోపాటు మరో ఏర్పాటు కూడా ఉంది. బాగా పండిన ఏడు కొంత వైన్ తీసి నిల్వ ఉంచుతారు. 2021లో మంచూ బూజు తెగులూ కలిసి తోటల్ని ఊడ్చేసినప్పుడు రైతును కాచింది ఆ నిల్వే. రెండు ఎకరాల రైతు ఒంటరిగా ఎన్ని జన్మలెత్తినా సంపాదించుకోలేని బీమా అది.

నాపాది మరో స్వభావం. 1944లో ఏడుగురు వైన్ తయారీదారులు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. వాళ్లలో లూయీ మార్టినీ, జాన్ డేనియల్, రాబర్ట్ మోండావి, బ్యూలియు వైనరీ యజమానురాలు ఫెర్నాండ్ దె లాటూర్ ఉన్నారు. మద్యనిషేధం పోయి పదకొండేళ్లే అయింది, యుద్ధకాలపు ధరల నియంత్రణ, సరుకుల కొరత. కలిసి భోంచేసి కష్టసుఖాలు చెప్పుకోవడమే తొలినాళ్ల సంఘం. ఇప్పుడు సభ్యులు ఐదొందల పైమాటే. చేరడం ఇష్టం, మానడం ఇష్టం. కాబట్టి ఉంచుకోవడానికి సభ్యులకు మాత్రమే దక్కేది ఏదో ఒకటి చూపించాలి. 1997 నుంచి ఏటా ఫిబ్రవరిలో వ్యాపారుల కోసం జరిపే ప్రీమియర్ నాపా వ్యాలీ వేలం అలాంటిది. ప్రతి వైనరీ మరెక్కడా అమ్మని ఒక్క రకం, ఐదు నుంచి ఇరవై కేసులు మాత్రమే అక్కడ పెడుతుంది. నిన్న మొన్న మొదలెట్టిన వైనరీ సీసా కూడా పేరుమోసిన కొనుగోలుదారు ముందు నిలబడుతుంది. అమ్మకపు విద్యలో నాపాది పైచేయి, సందేహం లేదు.

కానీ నాపా సంఘం చేసిన అసలు పని వేలం కాదు, కోర్టు కేసు. చవక వైన్‌కి పెట్టింది పేరైన బ్రాంకో కంపెనీకి ‘నాపా రిడ్జ్’ లాంటి బ్రాండ్లుండేవి. 1986కి ముందున్న బ్రాండ్లకు ఫెడరల్ నిబంధనల్లో మినహాయింపు ఉండడంతో, లోపల ద్రాక్ష ఎక్కడిదైనా పైన నాపా పేరు చెలామణి అయ్యేది. పేరులో నాపా ఉంటే 75 శాతం ద్రాక్ష నాపాదే కావాలని కాలిఫోర్నియా 2000లో చట్టం చేసింది. సంఘం దాని వెనకాల గట్టిగా నిలబడింది. 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది, 2006లో అమెరికా సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. ఆ విజయం ఫలం మాత్రం చందా కట్టినవాడికీ కట్టనివాడికీ సమానంగానే అందింది. ఐచ్ఛిక సంఘానికి ఇదే తంటా: నీడ అందరిదీ, నీళ్లు పోసేది కొందరు.

ఇంకో బలహీనత 2018లో బయటపడింది. కొండవాలు ఓక్ అడవుల్నీ నీటి వనరుల్నీ కాపాడే ‘మెజర్ సి’ అనే ప్రజా ప్రతిపాదన రూపకల్పనలో సంఘం నాయకత్వం మొదట చేయి కలిపింది. కొత్త తోటలకు అడ్డొస్తుందని సభ్యులు మండిపడగానే వెనక్కి తగ్గి, అదే ప్రతిపాదనను వ్యతిరేకించింది. అది కొద్దిపాటి తేడాతో ఓడిపోయింది. విడిచిపోగల సభ్యుడు ఉన్నచోట నాయకుడి వెన్ను గట్టిగా ఉండదు. పైగా నాపా సంఘం వైనరీలది. ద్రాక్ష పండించేవాళ్లకు వేరే సంఘం ఉంది. షాంపేన్‌లో బల్లకు ఆ పక్కన కూర్చునే మనిషి నాపాలో పక్క గదిలో ఉంటాడు. చిన్నవాడు ఎక్కడ బాగుపడతాడని నన్నడిగితే షాంపేన్ అంటాను. చొరవా పెట్టుబడీ ఉన్న కొత్తవాడికి నాపాయే నయం.

షాంపేన్‌ని మరీ ఎత్తేస్తున్నానేమో. ద్రాక్షకోతకు వచ్చే కూలీకి ఆ ఇద్దరధ్యక్షుల బల్ల దగ్గర కుర్చీ లేదు. 2023 సెప్టెంబరు ఎండల్లో అక్కడ పలువురు కూలీలు చనిపోయారు. ఆ కోతల్లో వలస కూలీల్ని దుర్భరంగా ఉంచినందుకు 2025లో అక్కడి షాలోన్ పట్టణ కోర్టు ముగ్గురిని మానవ అక్రమ రవాణా నేరం కింద శిక్షించింది. పేరుకు కాపలా కాసినంత శ్రద్ధగా మనిషిని కాయలేదనే అనాలి. ఈ ఒక్క విషయంలో నాపా ముందుంది. అక్కడి తోటల యజమానులు ఎకరాకి ఇంతని తమ మీద తామే రుసుము వేసుకుని కూలీల వసతిగృహాలకు ఇస్తున్నారు.

మన నాసిక్‌లో ఈ రెండు పద్ధతులూ అరకొరే. 2001 విధానంతో వైనరీలు పుట్టగొడుగుల్లా లేచాయి, 2008 తర్వాత అమ్మకాలు పడిపోతే రైతులు వైన్ ద్రాక్ష తీగల్ని పెకలించి తినే ద్రాక్షకి మళ్లారు. ‘నాసిక్ వ్యాలీ వైన్’కి జీఐ ఉంది. ఈ ఏడు ఎంత పండించాలి, నష్టం ఎవరు భరించాలి అని రైతూ వైనరీ ఎదురెదురుగా తేల్చుకునే షాంపేన్ తరహా బల్ల మాత్రం లేదు.

షాంపేన్, నాపా ఒకసారి చేతులు కలిపాయి. 2005లో నాపాలోనే మరికొన్ని వైన్ ప్రాంతాలతో కలిసి ‘ఊరి పేరు ఊరిదే’ అన్న ఉమ్మడి ప్రకటన మీద సంతకం పెట్టాయి. మరుసటేడు వైన్ వ్యాపారం మీద అమెరికా, యూరప్ ఒప్పందం చేసుకున్నాయి. అంతకుముందే ‘కాలిఫోర్నియా షాంపేన్’ అని అమ్ముతున్న బ్రాండ్లను అలాగే అమ్ముకోనిచ్చాయి. 2023లో బెల్జియంలో, లేబుల్ మీద ‘షాంపేన్ ఆఫ్ బీర్స్’ అని ఉన్న పాపానికి 2,352 మిల్లర్ హై లైఫ్ బీరు డబ్బాలను షాంపేన్ కమిటీ కోరిక మీద నలగ్గొట్టించారు. కోర్బెల్ కంపెనీ మాత్రం కాలిఫోర్నియా షాంపేన్‌ని దర్జాగా అమ్ముతోంది. దాని తోటలు సొనోమా కౌంటీలో ఉన్నాయి, నాపా నుంచి కొండ దాటితే చాలు.