కట్టిన చేతులు, కాపాడే చేతులు

పెద్ద కట్టడాన్ని వానలోనే చూడాలంటాను. ఎండలో దాని అందం కనిపిస్తుంది, వానలో దాని పనితనం బయటపడుతుంది. జర్మనీలో కొలోన్ స్టేషన్ బయటికి వచ్చేసరికి జోరువాన. ఎదురుగానే కథీడ్రల్. 157 మీటర్ల జంట శిఖరాల కొనలు మబ్బుల్లో కలిసిపోయాయి.

గొడుగు పట్టుకుని గోడ పక్కనే నడుస్తూ తలెత్తి చూశాను. పైన రాతి జంతువులు మెడలు చాచి, నోళ్లలోంచి నీళ్లు దూరంగా చిమ్ముతున్నాయి. ఆ వికృత ముఖాలు అలంకారానికే అనుకుంటాం. కానీ కప్పు మీద పడిన నీరు గోడ మీదుగా కారితే అతుకుల్లో సున్నం కొట్టుకుపోతుంది. ఆ నీటిని గోడకు తగలకుండా విసిరెయ్యడమే వాటి ఉద్యోగం.

ఈ కథీడ్రల్‌కు 1248లో పునాది వేశారు. 16వ శతాబ్దంలో పని ఆగిపోయింది. సగం లేచిన దక్షిణ శిఖరం మీద కొయ్య క్రేన్ ఒకటి 1868 దాకా అలాగే నిలబడి ఉంది. 1842లో మళ్లీ మొదలుపెట్టి 1880లో పూర్తిచేశారు. అప్పటికి బొగ్గు పొగల కాలం వచ్చేసింది. పొగలోని గంధకం వానతో కలిసి ఆమ్లమై రాతిని తినడం మొదలుపెట్టింది. 19వ శతాబ్దంలో వాడిన ఒక రకం ఇసుకరాయి మరీ దెబ్బతింది.

అందుకే అక్కడ పని నేటికీ ఆగలేదు. కథీడ్రల్‌కు సొంత శిల్పశాల ఉంది. రాయి చెక్కేవాళ్లు, రంగుటద్దాలు బాగుచేసేవాళ్లు, పరంజాలు కట్టేవాళ్లు ఏడాది పొడవునా పనిలోనే ఉంటారు. 1842లో ఊరి జనం పెట్టుకున్న సంఘం ఇప్పటికీ డబ్బు సమకూరుస్తోంది. నల్లబడ్డ గోడలో ఒకచోట కొత్తగా పొదిగిన లేతరంగు రాయి కనిపించింది. దాని మీద చెక్కిన ఆకు అంచులు పదునుగా ఉన్నాయి. పక్కనున్న పాత ఆకు చప్పరించిన బెల్లంముక్కలా అరిగిపోయింది. అయినా రెంటి వంపూ ఒకటే. పాత శిల్పి చెయ్యి ఎటు తిరిగిందో కొత్త శిల్పి చెయ్యీ అటే తిరిగింది. తన గొప్ప చూపించుకోకుండా పాతదాన్ని నిలబెట్టడం కొత్తగా చెక్కడం కంటే తక్కువ విద్యేమీ కాదు.

మన దగ్గరా అంతటి శిల్పసంపద ఉంది, దాన్ని చెక్కిన వంశాలూ ఉన్నాయి. కానీ కట్టించినవారి పేరు శిలాఫలకం మీదికి ఎక్కుతుంది, కాపాడినవారిని ఎవరూ తలుచుకోరు. కొత్త మండపానికి విరాళాలు వస్తాయి, కారుతున్న పాత కప్పుకు రావు. ఎన్నో ఊళ్లలో జీర్ణోద్ధరణ అంటే చెక్కడాలు పూడిపోయేలా సున్నం, ఆపైన ఆయిల్ పెయింటు. పుష్కరానికోసారి హడావిడి చేస్తే గుడి నిలవదు. పాత రాయి తీరు తెలిసిన స్థపతి ఏడాది పొడవునా అక్కడ ఉండాలి. గోపురం సందులో రావిమొక్క మొలిచిన వారంలోనే దాన్ని వేళ్లతో సహా తీసేసే మనిషికి నెలనెలా జీతం అందాలి. కొత్త మండపం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.