తుడిచే వీలులేని గీత

శ్రీకాళహస్తి కలంకారీలో చెరుపుకునే అవకాశం చింతబొగ్గు దాకానే. చింతపుల్లలు కాల్చి చేసిన బొగ్గుతో గుడ్డ మీద వేసిన బొమ్మ నచ్చకపోతే దులిపేసి మళ్ళీ వేసుకోవచ్చు. దాని మీద కలంతో నల్లరంగు గీత పడిందా, ఇక అది గుడ్డ ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. కాగులో ఉడికించినా, ఏటినీళ్ళలో ఉతికినా పోదు. రాముడి ముక్కు వంకర పోతే పోయినట్టే.

చేయి తిరిగిన కలంకారీ కళాకారుల పనితనం గురించి, వాళ్ళకొచ్చిన అవార్డుల గురించి చాలామంది రాశారు, రాయాల్సిందే. చేయి తిరగకముందు జరిగేదాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గుడ్డలు పాడవడం, రంగు పాకడం, ఎరుపు రావలసినచోట వెలిసిన గులాబీ రంగు రావడం, అయినా మర్నాడు మళ్ళీ గుడ్డ తడపడం. నా దృష్టిలో ఈ విద్యకి పునాది అదే. ఎందుకో తెలియాలంటే పని ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి.

ముతక నూలు గుడ్డని ముందు బాగా ఉతికి గంజి వదిలిస్తారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. కరక్కాయలోని వగరు రంగుని పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు ఆ రంగుని పక్కకి పాకనివ్వదు. ఈ రెండింటిలో ఏది తగ్గినా గుడ్డ చూస్తే తెలియదు, కలం ఆనిస్తేనే తెలుస్తుంది. పాలు పలచనైతే గీత అంచులు జూలు విరబోసుకున్నట్టు చెదిరిపోతాయి. కరక్కాయ చాలకపోతే నలుపు బూడిదరంగులో ఆగిపోతుంది. గుడ్డని పిండేటప్పుడు ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా పిండితే ఒకే బొమ్మలో గీత రెండు రకాలుగా వస్తుంది.

ఆ నల్లరంగుని కసిమి అంటారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. పులిసిన నీళ్ళకి ఇనుము కరుగుతుంది. ఆ ద్రవం మామూలుగా చూస్తే అంత నల్లగా ఉండదు, కరక్కాయ పట్టిన గుడ్డని తాకగానే నల్లబడుతుంది. తొందరపడి ముందే తీస్తే గీత పాలిపోయి వస్తుంది. మరీ చిక్కగా పూస్తే ఆ ఇనుమే ఏళ్ళ తరబడి నూలుని తినేస్తుంది. పాతకాలపు గుడ్డల్లో నలుపు ఉన్నచోటే చిల్లులు పడటానికి కారణం ఇదే. ఎంతకాలం పులియాలన్నది కొలపాత్ర చెప్పదు. వాసన, రంగు, ఒక పాతగుడ్డ మీద వేసి చూసిన చుక్క చెప్పాలి.

ఇక కలం. వెదురుపుల్ల కొన చెక్కి, కొనకి కొంచెం పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట కసిమిని పీల్చుకుని ఉంటుంది, వేళ్ళతో నొక్కితే కొనకి దిగుతుంది. ఎంత నొక్కాలి అన్న ఒక్క ప్రశ్నకి జవాబు వేళ్ళకి అందడానికే నెలలు పడుతుంది. కొత్తగా చేరినవాళ్ళు భయంతో గట్టిగా నొక్కుతారు, బొట్టు జారి ముఖం మీద పడుతుంది. మరోసారి జాగ్రత్తపడి అసలు నొక్కరు, గీత మధ్యలో ఆగిపోతుంది. ఆగినచోట మళ్ళీ మొదలుపెడితే అతుకు కనిపిస్తుంది. బొమ్మలో భుజం నుంచి మోచేతి దాకా ఒక వంపు ఒక్క ఊపులో రావాలి. ఈ పని నోటిమాటతో నేర్పలేరు. గురువు పక్కన కూర్చుని తన గీత తను గీస్తూ ఉంటారు, శిష్యులు చూస్తూ తమ గుడ్డ పాడుచేసుకుంటూ ఉంటారు. అంతకు మించిన పాఠం లేదు.

నలుపులో చేసిన తప్పు కనీసం వెంటనే కనిపిస్తుంది. ఎరుపు సంగతి వేరు. ఎరుపు రావలసినచోట పూసేది పటిక నీళ్ళు. వాటికి సొంతరంగు లేదు. పూశాక ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించి, మంజిష్ఠ, చవలికొడి, సురుడు చెక్క లాంటివి వేసిన కాగులో గుడ్డని ఉడికిస్తారు. పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. పటిక చిక్కగా ఉంటే ముదురెరుపు, పలచగా ఉంటే లేతెరుపు. పూసేటప్పుడు చేయి అంచు దాటిందా, పటిక పలచనయిందా, నిలవనీటిలో జాడిస్తే అది పక్కకి పాకిందా అన్నది కాగు దగ్గరే బయటపడుతుంది. అప్పటికి తప్పు జరిగి రోజులు గడిచిపోతాయి. ఏ పూట, ఏ అడుగులో పొరపాటు జరిగిందో వెనక్కి నడిచి వెతుక్కోవాలి. అలా వెతకడం అలవాటైనవాళ్ళే రంగు మనుషులు అనిపించుకుంటారు. తర్వాత పేడనీళ్ళలో నానబెట్టి, ఇసుక మీద పరిచి, నీళ్ళు చల్లుతూ ఎండకి తెలుపు తెప్పించడం, మళ్ళీ పాలు పట్టించడం, కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం, ఆ రెండింటితో ఆకుపచ్చ ఉంటాయి.

నూలుబట్ట మీద పటికతో రంగు నిలిపే ఈ కీలకం తెలియక యూరప్ వాళ్ళు చాలాకాలం అవస్థపడ్డారు. మచిలీపట్నం నుంచి, కోరమండల్ తీరంలోని ఇతర రేవుల నుంచి వెళ్ళిన రంగుబట్టలు అక్కడి ఉన్ని, పట్టు వ్యాపారాలని కుదిపేశాయి. ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించి 1759 దాకా ఎత్తలేదు, ఇంగ్లండ్ 1721లో వాడకాన్నే చట్టంతో ఆపింది. అక్కడివాళ్ళు మొదట్లో అనుకరించిన బట్టల మీద రంగు ఉతుకులకి నిలవలేదు. కెర్డూ అనే ఫ్రెంచి జెసూట్ ఫాదిరీ 1742లో కరక్కాయ, గేదెపాలతో సహా మన అద్దకం పద్ధతిని వివరంగా ఉత్తరంలో రాసి పంపాడు. తెలుగు బాగా తెలిసినవాడాయన. ఇంత శ్రమపడి వాళ్ళు తెలుసుకోవాలనుకున్నది మన రంగుకారులు ఏ రసాయన చదువూ లేకుండానే, పాడైన గుడ్డల మీద తరతరాలుగా కట్టుకున్న రసాయనశాస్త్రం. దానికి ఆ గౌరవం మనమింకా పూర్తిగా ఇవ్వలేదు.

ఈ సంప్రదాయమే ఒకప్పుడు ఓటమి అంచుదాకా వెళ్ళింది. మధ్యలో పెద్ద ఘట్టం, చుట్టూ వరసలుగా చిన్న గళ్ళు, ఒక్కో గడి కింద తెలుగులో కథ రాసిన రామాయణ భారత తెరలు గుళ్ళకోసం తయారయ్యేవి. మిల్లుబట్ట, రసాయన రంగులు వచ్చాక, ఆ తెరలు వేయించేవాళ్ళు తగ్గాక, 1950ల నాటికి కాళహస్తిలో ఈ పని తెలిసినవాళ్ళు కొద్దిమందే మిగిలారు. 1957లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అఖిల భారత హస్తకళల బోర్డు అక్కడ శిక్షణ కేంద్రం తెరిచింది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు గురువుగా కూర్చున్నారు. ఆయన కుమారుడు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ కాళహస్తిలో ఎన్నో ఇళ్ళలో కలం ఆడుతోందంటే, అందులో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారంటే, దాని వెనక ఆ కేంద్రం ఉంది. ఆ కేంద్రం చేసిన గొప్ప మేలు నైపుణ్యం నేర్పడం ఒక్కటే కాదని నాకనిపిస్తుంది. పూటగడవని ఇళ్ళ పిల్లలకి, అమ్ముడుపోని గుడ్డలు చేస్తూ కూర్చునే తీరిక ఇచ్చింది. ఇంట్లో అయితే పాడైన గుడ్డ ఖర్చు తండ్రి మీద పడుతుంది, రెండోసారి పాడైతే పిల్లవాణ్ణి వేరే పనికి పంపుతారు.

ఇప్పుడు ముప్పు వేరే రూపంలో ఉంది. ఊరి పక్కనున్న స్వర్ణముఖి నదిలో పారే నీళ్ళు అరుదు, బోరు నీళ్ళతో జాడించుకోవాల్సి వస్తోంది. నీరు మారితే రంగు మారుతుంది, అంటే పాతచేతులు కూడా మళ్ళీ మొదటినుంచి తప్పులు చేసి నేర్చుకోవాల్సిందే. స్క్రీన్‌తో అచ్చువేసిన చీరలు కలంకారీ పేరుతోనే కారుచౌకగా బజారుకొస్తున్నాయి. కొద్దిరోజుల శిక్షణలో సర్టిఫికెట్ చేతికిచ్చి పంపేస్తే, మొదటి గుడ్డ పాడయ్యే సమయానికే కోర్సు అయిపోతుంది.

కొనేవాళ్ళకి ఒక మాట. చీర మీద ఒకే చిలక నాలుగుచోట్ల వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే అది కలం పని కాదు. చెక్క దిమ్మెలతో వేసే పెడన అచ్చుపని అయితే అదీ గొప్పదే, ఆ పేరుతో ఆ ధరకే కొనండి. కాళహస్తి పని కొనేటప్పుడు గీతలో చిన్న వణుకు కనిపిస్తే బేరం తగ్గించకండి. ఆ చేయి ఇంకా నేర్చుకుంటోంది, మీ డబ్బుతోనే అది తర్వాతి గుడ్డ తడుపుతుంది. శిక్షణ కేంద్రాలు నడిపేవాళ్ళకి, వాటికి నిధులిచ్చే శాఖలకి ఒకటే విన్నపం: ఒక్కో విద్యార్థికి ఇన్ని మీటర్ల గుడ్డ అని లెక్క వేసేటప్పుడు, పాడవడానికని విడిగా కొన్ని మీటర్లు రాయండి.