ఆర్గన్‌లో మన తాళము

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములలోని మన చిన్న మందిరములలో పైపు ఆర్గన్‌కు చోటు లేదు. కీబోర్డే ఆ పని చేయుచున్నది. ఒక మీట నొక్కగానే తాళము దానంతట అదే మ్రోగును. ఇది పాపము కాదు. అయితే ఆ మీటకు మనమేమి అప్పగించుచున్నామో తెలిసికొనుటకు ఒక ఆర్గన్ వాద్యకారుని చరిత్ర ఉపకరించును.

పారిస్ నగరములోని త్రిత్వ దేవాలయమునకు కవయ్యే కోల్ అను ప్రసిద్ధ నిర్మాత చేసిన ఆర్గన్ 1869లో ప్రతిష్ఠింపబడెను. 1871 నాటి అంతఃకలహములో అది దెబ్బతినగా మరల బాగుచేసిరి. 1931లో ఒలివియే మెస్సియాన్ తన 22వ యేట ఆ వాద్యమునొద్ద కూర్చుండెను. లోకమంతట కీర్తి వచ్చినను, 1992లో మరణించువరకు ఆ సేవను విడువలేదు.

1935లో అతడు ప్రభువు జననమును గూర్చి 9 ధ్యానములను ఆర్గన్‌కు వ్రాసెను. అతని లయలు ఎక్కడివి? 13వ శతాబ్దమున దేవగిరిలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీత రత్నాకరములోని 120 దేశి తాళములను అతడు శ్రద్ధతో అభ్యసించి, రాగవర్ధనము వంటివాటిని తన స్తుతిలో చేర్చుకొనెను. ఆ దేవగిరి 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే!

అతని సంగీతము కఠినమని సంఘస్థులలో కొందరు నొచ్చుకొనిరి. అందు న్యాయము లేకపోలేదు. సంఘము కలిసి పాడుటకు అది తగినది కాదు. అతడును దీని నెరిగి, ఒక ఆరాధనకు ప్రాచీన గానమును, మరియొకదానికి పూర్వుల కృతులను ఉంచి, తన నూతన సంగీతమును వేరొక ఆరాధనకు కేటాయించెను. ఇట్లు పాండిత్యము ప్రేమకు లోబడెను. నా దృష్టికి అతని కృతులకంటె ఈ అణకువయే గొప్పది.

ఇక మన సంగతి చూడుడి. పురుషోత్తము చౌదరిగారు (1803–1890) మొదలగు భక్తులు రాగతాళములతో కీర్తనలు కట్టిరి. మన కీర్తనల పుస్తకములో అనేక కీర్తనల మీద ఆ పేర్లు నేటికిని అచ్చులో ఉన్నవి. పరదేశి ఒకడు గ్రంథములు వెదకి నేర్చుకొనిన దానిని, చేతిలోని పుస్తకములో చూచియు మనము దాటిపోవుచున్నాము. చాపు తాళపు కీర్తనను నాలుగు దెబ్బల యంత్రలయకు బిగించినప్పుడు మాటలు విరుగును, అర్థము నలుగును. ఆత్మతోను మనస్సుతోను పాడవలెనని కోరిన పౌలు మాట అప్పుడేమగును?

కీబోర్డును తీసివేయనక్కరలేదు. రాబోవు ఆదివారమునకు ముందు, కీర్తన మీది తాళము పేరు చదువుడి. పెద్దలనడిగి చేతితో వేసి చూడుడి. మీ పిల్లలకును నేర్పుడి. ఆ పిమ్మటనే మీట సంగతి చూడుడి.