ఎండిపోయిన చేను ఏ వీడియోలో ఉంది?

రైతు ఇంకో రైతు కోసం తీసిన వీడియోని కథలా చదవొచ్చా? చదవాలనే నేనంటాను. తనకు జరిగింది ఎదుటివాడు నమ్మేలా చెప్పడమే కదా కథకుడి పని!

బెంగళూరులో 2006లో మొదలైన డిజిటల్ గ్రీన్ ప్రయోగం సరిగ్గా ఇదే చేసింది. ఊరి రైతులతోనే చిన్న వీడియోలు తీయించి పల్లెల్లో చూపించారు. చూసినవాళ్లు మొదట అడిగింది ఎరువుల లెక్కలు కాదు, ‘ఆ మనిషెవరు, ఏ ఊరు?’ అని. పాఠకుడు కూడా అంతే. చెప్పేవాడిని నమ్మాకే చెప్పినదాన్ని నమ్ముతాడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయానికీ ఇదే పునాది. చేసి చూసిన రైతే పక్క రైతుకి చెప్తాడు. మహిళా సంఘాల్లో ఆ మాట చేతులు మారుతుంది. 2024లో గుల్బెంకియన్ బహుమతి పంచుకున్న పని ఇది.

ఆ చెప్పడంలో నాకు నచ్చేది జీవామృతం కొలత. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, ఆవు మూత్రం. అన్నీ కిలోలూ లీటర్లే. చివర్లో మాత్రం గట్టు మీది మట్టి, గుప్పెడు. ఎవరి గట్టు మట్టి వాళ్లదే. అందరికీ చెప్పే మాటలో ఒక్కొక్కరి చేనుకీ చోటిచ్చిన వాక్యం అది.

పేచీ ముగింపుతోనే. ఈ వీడియోలన్నిటికీ దాదాపు ఒకటే కథ. ముందు మందులు, అప్పులు. తర్వాత శిక్షణ. చివరికి పచ్చటి చేను ముందు నవ్వుతున్న రైతు.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో ఉన్న సోమందేపల్లి వైపు ఈ కథ చెప్తే జనం ఎట్లా వింటారు? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. శెనక్కాయ వేసి ఆకాశం వైపు చూసే అలవాటు తరాలది. వానకు ముందే రకరకాల విత్తనాల్ని మట్టి, బీజామృతంతో గుళికలు చేసి చల్లమంటున్నారు. నేల బోసిగా ఉండకూడదన్న ఆలోచన మంచిదే. మరి ఆ గుళికలు చీమల పాలైతే? ఆవు లేనివాళ్ల సంగతేంటి? నేల బాగుపడ్డానికి ఏళ్లు పడుతుంది, కౌలు ఏడాదికే కదా! పేడ కలిపే ఆడమనిషి కూలి ఎవరి లెక్కలో పడుతుంది? ఇవేవీ తెర మీదికి రావు.

అటువైపు మన సీమ కథ ఉంది. సింగమనేని నారాయణ ఇక్కడి సేద్యానికి ‘జూదం’ అని పేరు పెట్టారు. అంత కచ్చితమైన మాట ఇంకోటి దొరకదు. ఎండిన చేనుని సీమ కథకులు చూసినట్టు ఎవరూ చూడలేదు. కానీ నేను చదివినంతలో ఆ కథల్లో రైతు ఓడిపోవడం కనిపించినంతగా ఆ రైతుకి తెలిసింది కనిపించదు. ఏ మట్టి ఎప్పుడు పదునెక్కుతుందో, కొర్ర ఎందుకు నిలబడుతుందో చెప్పే పాత్రలు తక్కువ. వీడియోలో ఓటమి లేదు, కథలో విద్య లేదు.

ఈ రెండూ కలిసే చోటు ఒకటి ధర్మవరం దారిలోనే ఉంది. చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వెంట వచ్చిన ధరణి సహకార సంఘంలో సేంద్రియ పంటకి పూచీ తోటి రైతులదే. ఒకరి చేను ఇంకొకరు తిరిగి చూస్తారు, అడుగుతారు, తప్పుంటే తప్పంటారు. మనం విమర్శ అనేది ఇదే కదా! మన పత్రికల్లో కన్నా అక్కడే దానికి విలువెక్కువ. మాట జారితే పోయేది పక్కవాడి పంట, అందరి పేరు.

అందుకే పచ్చటి చేనుల వీడియోలు ఇక చాలు. ‘ఈ ఏడు నాకు పోయింది, ఇదిగో ఇందుకు పోయింది’ అని ఒక రైతు తన ఎండిన చేనులో నిలబడి చెప్పే నాలుగు నిమిషాలు కావాలి. నవ్వే రైతుని చూసి మెచ్చుకుంటాం. వచ్చే ఏడు పెట్టుబడి పెట్టబోయే మనిషికి పనికొచ్చేది మాత్రం ఆ రెండోదే.